కంచుకు ముందు మైనం

(గుంటూరులో శిల్ప విద్యార్థుల, విగ్రహాలు చేయించే సంఘాల సభ్యుల ఎదుట చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

నా ముందు బల్ల మీద తడిగుడ్డ కప్పి ఉన్నది ఒక మైనపు తల. మైనంతో బొమ్మ చేసి, దాని చుట్టూ అచ్చు కట్టి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కరిగిన కంచు పోస్తే విగ్రహం తయారవుతుంది. ప్రసంగం చివర గుడ్డ తీసి చూపిస్తాను. మన గుంటూరు వేసవి మధ్యాహ్నం మైనానికి పడదు కనుక అంతదాకా కప్పి ఉంచాను. మేము వాడే మైనం కరగాలంటే అరవై డెబ్బై డిగ్రీల వేడి కావాలి గాని, మెత్తబడి తన బరువుకు తానే వాలిపోవడానికి నలభై డిగ్రీలు చాలు. ఉదయం నిటారుగా ఉన్న మెడ సాయంత్రానికి గోరంత ముందుకు వంగితే కంటితో పట్టుకోలేం. ఆ వంపు మాత్రం కంచులోకి వెళ్లిపోయి వందేళ్లయినా అలాగే నిలిచి ఉంటుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో మా పనివాళ్లు తెల్లవారుజామున నాలుగింటికే మైనం పని మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ఆపేస్తారు. మైనంలో గుగ్గిలం పాలు కాస్త పెంచి గట్టిపరుస్తారు. ఫాల్గుణంలో వాడిన పాళ్లు వైశాఖంలో పనికిరావని మా దగ్గర కొత్తగా చేరిన కుర్రవాడు కూడా నెల తిరగకముందే తెలుసుకుంటాడు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. విగ్రహం మంచిచెడులు కొలిమి దగ్గర తేలతాయని చాలామంది అనుకుంటారు. ఎర్రగా కాగిన మూస (లోహం కరిగించే పాత్ర), రవ్వలు, కరిగిన లోహం చూడడానికి గొప్పగా ఉంటాయి కనుక ఫొటోలు కూడా అక్కడే తీసుకుంటారు. ఆ ఘట్టానికి ఎన్నో రోజుల ముందే, మైనం దశలోనే, విగ్రహం ఎలా ఉండబోతుందో ఖాయమైపోతుంది. శిల్పి గాని, విగ్రహం చేయించే సంఘం గాని పోత పోసే ఫౌండ్రీకి ఒక్కసారే వెళ్లగలిగితే, ఆ ఒక్కసారీ మైనం చూడడానికే వెళ్లాలి.

మన వైపు విగ్రహాల ఆనవాయితీ మీకందరికీ తెలిసిందే. సంఘం ఏర్పడుతుంది, చందాలు వసూలవుతాయి, శిల్పి మట్టిలో నమూనా చేస్తాడు. ఒక ఆదివారం సంఘం పెద్దలు కార్లు వేసుకుని వచ్చి, మట్టి నమూనా చుట్టూ తిరిగి, ముక్కు గురించి ఒకరు, మీసం గురించి ఒకరు చెప్పి, చివరికి బాగుందని ఒప్పుకుని వెళతారు. ఆ తర్వాత వాళ్లు విగ్రహాన్ని చూసేది ఆవిష్కరణ రోజున, ముసుగు తీసినప్పుడే. ఈ రెంటి మధ్య మూడు నాలుగు నెలలు గడుస్తాయి, ఆ రూపం కనీసం నాలుగుసార్లు ఒక పదార్థంలో నుంచి మరో పదార్థంలోకి మారుతుంది. మట్టి నుంచి అచ్చుకు, అచ్చు నుంచి మైనానికి, మైనం నుంచి అది కరిగిపోయాక మిగిలే బోలు అచ్చుకు, అందులో నుంచి లోహానికి. మారిన ప్రతిసారీ కొంత పోతుంది, కొంత చేరుతుంది. పోయినదాన్ని తిరిగి తెచ్చుకునే అవకాశం ఈ దారిలో ఒక్క మైనం దగ్గరే ఉంది.

ఈ పని మన ప్రాంతానికి కొత్తది కాదు. బాపట్లకు దగ్గర్లోని బుద్దాం గ్రామంలో, అంటే నిన్నమొన్నటి దాకా గుంటూరు జిల్లాలో ఉన్న ఊళ్లో, కంచు బుద్ధ విగ్రహాల నిక్షేపం ఒకటి దొరికింది. ఆరు నుంచి ఎనిమిదో శతాబ్దాల మధ్య పోత పోసిన ఆ విగ్రహాలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి ఫొటోలు దొరికితే విద్యార్థులు ముఖాలను కాక వస్త్రాన్ని చూడండి. ఒంటిని అంటిపెట్టుకున్న చీవరం మీది మడతల వంటి గీతలను మైనంలో తీర్చడం ఎంత సులువో, పోత అయ్యాక లోహంలో చెక్కడం అంత కష్టం. ఈ పద్ధతికి సంస్కృతంలో మధూచ్ఛిష్ట విధానమని పేరు. మధూచ్ఛిష్టమంటే తేనె తీసేశాక మిగిలేది, అంటే తేనెమైనం.

పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు సంకలనం చేసిన మానసోల్లాసంలో ఈ విధానం వివరంగా ఉంది. మైనపు బొమ్మకు పూసే మట్టిలో కాల్చిన ఊక, సన్నగా తరిగిన పత్తి, కొద్దిగా ఉప్పు కలపమంటాడు. పత్తి పండించే నేల మీద కూర్చుని ఈ మాట వింటున్నాం కనుక దాని వెనకున్న ఆలోచన చెబుతాను. పోత పోసే ముందు అచ్చును కాల్చినప్పుడు ఆ పత్తిపోగులు మాడిపోయి మట్టిలో వెంట్రుకల్లాంటి సందులు మిగులుతాయి. లోహం లోపలికి దూకినప్పుడు అక్కడున్న గాలి ఆ సందుల గుండా తప్పుకుంటుంది. తప్పుకునే దారి లేకపోతే గాలి లోహంలోనే చిక్కుబడి బుడగలవుతుంది. మైనాన్ని ముందే తూచి ఉంచుకుని, ఆ తూకాన్ని బట్టి ఎంత లోహం కరిగించాలో లెక్క కట్టమని కూడా అందులో ఉంది. ఆ లెక్క మేము నేటికీ వాడుతున్నాం. మైనం బరువుకు తొమ్మిది పది రెట్లు కంచు పడుతుంది. లోహం నడిచే దారులకు పట్టేది వేరు.

మన శిల్పశాస్త్రాల్లో ఘనమని, సుషిరమని రెండు రకాల పోతలు ఉన్నాయి. ఘనమంటే లోపల కూడా నిండు లోహమే. తమిళనాడులోని స్వామిమలై స్థపతులు పోసే ఉత్సవ విగ్రహాలు ఈ తరహావి. తేనెమైనంలో గుగ్గిలం, నూనె కలిపి చేతితో బొమ్మను తీర్చి, కావేరి ఒండ్రుమట్టిని దాని మీద పూసి, కాల్చి, పోసి, చివరికి అచ్చును పగలగొడతారు. మైనమూ పోతుంది, అచ్చూ పోతుంది, ఒక్క విగ్రహం మిగులుతుంది. సుషిరమంటే బోలు. కూడళ్లలో నిలిపే నిలువెత్తు విగ్రహాలూ, తల నుంచి ఛాతీ దాకా ఉండే అర్ధాకృతులూ బోలుగానే పోయాలి. బరువు, ఖర్చు అందుకు ఒక కారణమే. నిండుగా పోసిన పెద్ద తల ఒక్క తీరుగా చల్లారదు, చల్లారే క్రమంలో తనను తానే చీల్చుకుంటుంది. దీన్ని నా అనుభవం నుంచే చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక ఊరి బడిలో చాలాకాలం పాఠాలు చెప్పి కన్నుమూసిన ఒక ఉపాధ్యాయురాలి అర్ధాకృతిని, ఆవిడ పాత విద్యార్థులు చందాలు వేసుకుని నాతో చేయించారు. రెండున్నర అడుగుల ఎత్తు, వెనక ముడి, భుజం మీదుగా పైట, కళ్లజోడు. మట్టి నమూనా అందరికీ నచ్చింది. రబ్బరు అచ్చు తీసి ఒక ఫౌండ్రీకి అప్పగించాను. అదే సమయంలో వేరే ఊళ్లో ఇంకో పని ఒప్పుకుని ఉండడంతో మైనం చూడడానికి వెళ్లలేదు. వాళ్లు ఫోనులో మైనం బాగా వచ్చిందన్నారు, కానివ్వండి అన్నాను. విగ్రహం వచ్చాక చూస్తే మెడ వెనక, ముడి మొదట్లో బొటనవేలు పట్టేంత గుంట, దాని నుంచి కిందికి వెంట్రుకంత బీట. వెల్డింగు చేసి, అరగదీసి, రంగు పట్టించారు. పూడ్చడానికి వాడిన కడ్డీ విగ్రహం లోహంతో కలిసే రకం కాకపోవడంతో, విగ్రహమంతా ముదురు గోధుమ రంగుకు తిరిగినా ఆ ఒక్క చోట పసుపుపచ్చగా మచ్చ తేలింది.

అది వెనక వైపు కదా, ఎవరు చూస్తారని అప్పటికి సర్దుకున్నాను. ఆవిష్కరణకు ముందురోజు ఆవిడ చెల్లెలు వచ్చారు. పెద్దావిడ. ముసుగు కిందికి చేయి పోనిచ్చి, పెదవి చివర వేలితో తడిమి, "మా అక్కకి ఈ పక్కన పెదవి కాస్త పైకి లేచి ఉండేది గదా బాబూ, మట్టిలో చేశారు కూడాను, ఇప్పుడది ఏమయింది?" అని అడిగారు. మైనం మీద అచ్చు అతుకు గీత సరిగ్గా నోటి పక్కగా వచ్చింది. అతుకును చదును చేసిన పనివాడు దానితో పాటు ఆ పెదవి వంపును కూడా చదును చేసేశాడు. అతని తప్పు ఏమీ లేదు. ఆవిడను అతను ఎప్పుడూ చూడలేదు, వంపు ఉండాలని చెప్పవలసిన నేను అక్కడ లేను. ఆవిష్కరణ వాయిదా వేయించి, నా ఖర్చుతో రెండోసారి పోయించాను. ఆ రెండోసారి ఫౌండ్రీలో పదకొండు రోజులు ఉన్నాను. ఇవాళ మీకు చెబుతున్నదంతా ఎక్కువగా ఆ పదకొండు రోజుల్లో నేర్చుకున్నదే.

ముడి దగ్గర గుంట ఎందుకు పడిందో చూద్దాం. అచ్చును తలకిందులుగా పెట్టి కరిగిన మైనం పోసి, అటూ ఇటూ తిప్పి, మిగిలింది ఒంపేస్తారు. ఇలా రెండు మూడు సార్లు చేస్తే అచ్చు గోడకు పొరలు పొరలుగా మైనం పడుతుంది. విగ్రహం ఈ పరిమాణంలో ఉంటే ఐదారు మిల్లీమీటర్ల మందం చాలు. ముడి లాంటి లోతైన గిన్నె ఆకారంలోకి వెళ్లిన మైనం మాత్రం ఒంపినప్పుడు పూర్తిగా బయటికి రాదు, అక్కడే పేరుకుంటుంది. నా మొదటి విగ్రహంలో ముడి మొదట్లో మందం పదిహేను మిల్లీమీటర్లకు పైగా ఉందని కోసి చూశాక తెలిసింది. లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. పలుచని భాగం ముందు గట్టిపడుతుంది, మందపు భాగం ఆఖరున గట్టిపడుతుంది. ఆఖరున గట్టిపడేదానికి కావలసిన లోహం పక్క నుంచి అందకపోతే తనలోకి తానే కుంగి గుంట పడుతుంది. మందం ఉన్నట్టుండి పలుచనయ్యే చోట లాగులాట పుట్టి బీట వారుతుంది. మైనం లోపలి వైపు వేళ్లు పోనిచ్చి తడిమి చూసి, పేరుకున్నచోట గీకేసి ఉంటే ఈ రెండూ జరిగేవి కావు. అది పది నిమిషాల పని.

మైనం చూడడమంటే ఏమి చూడాలని విద్యార్థులు తరచు అడుగుతుంటారు. నేను ముందు వెలుతురు చూసుకుంటాను. ట్యూబులైటు కింద మైనం ముఖం ఎప్పుడూ అందంగానే ఉంటుంది కనుక, కిటికీ పక్కకు తిప్పి పక్కవాటు వెలుగులో పెడతాను. అతుకు గీతలు, అచ్చులో గాలి చిక్కి పడిన చిన్న చిన్న బొడిపెలు, చిల్లులు అప్పుడు బయటపడతాయి. సన్నని ఇనుప పనిముట్టును దీపం మీద వెచ్చజేసి వాటిని సరిచేయాలి. మట్టి మీద వేలితో వత్తినట్టు మైనం మీద వత్తకూడదు. అలా వత్తితే వేలిముద్ర పడుతుంది, ఆ వేలిముద్రలోని గీతలతో సహా కంచులో దిగుతుంది. అంత నమ్మకంగా కాపీ చేసే పదార్థం ఇది. తర్వాత అంచులు చూస్తాను. కనురెప్ప అంచు, పెదవి అంచు, పైట అంచు అచ్చు తీసేటప్పుడు మొద్దుబారతాయి. రబ్బరు ఎంత మంచిదైనా కొంత మొద్దుబారుతుంది, కంచులో మరికొంత. అందుకని మైనంలో అంచును నాకు కావలసినదానికన్నా ఒక పిసరు పదునుగానే తీర్చి పంపుతాను. కనుపాప గుంటను కూడా కాస్త లోతు చేస్తాను. విగ్రహం రంగు ముదిరాక నీడ ఒక్కటే చూపునిస్తుంది, గుంట లోతు లేకపోతే ఆ నీడ నిలవదు.

పీఠం ఎత్తు కూడా ఇక్కడే గుర్తు తెచ్చుకోవాలి. మట్టిని మనం కళ్లకు సమాన ఎత్తులో చూస్తాం. అదే ముఖాన్ని ఎనిమిది అడుగుల పీఠం మీద పెట్టి కింద నుంచి చూస్తే గడ్డం పెద్దదై, నుదురు వెనక్కి పోయి, కళ్లు రెప్పల చాటున దాగుతాయి. నేను మైనపు తలను నిచ్చెన మీద పెట్టించి, నేల మీద కూర్చుని చూస్తాను. ఆ పెద్దావిడ గుర్తుచేసిన పెదవి వంపు కింద నుంచి చూస్తే కనపడలేదు, మరో రెండు మిల్లీమీటర్లు లేపవలసి వచ్చింది. కొలతలు తప్పినట్టే లెక్క, పోలిక మాత్రం అప్పుడే వచ్చింది.

కళ్లజోడు గురించి ఒక్క మాట. కళ్లజోడు కాడను మైనంలో సన్నగా చేసి ముఖంతో కలిపి పోయాలని చూస్తే, లోహం ఆ సన్నని దారిలో సగం దూరం వెళ్లి గడ్డకడుతుంది. విడిగా కంచు కడ్డీతో చేసి తర్వాత అతకడమే మంచిది. చేతికర్ర, పుస్తకం అంచు, చూపుడు వేలు లాంటివాటిని కూడా ముందే ఇలా ఆలోచించుకోవాలి.

మైనం ఖాయమయ్యాక దానికి దారులు కడతారు. ఫౌండ్రీలో రన్నర్లు, రైజర్లు అంటారు. లోహం వచ్చే దారులు రన్నర్లు. గాలి పోవడానికీ, మందపు భాగాలకు ఆఖరున లోహం అందించడానికీ పైకి నిలిపేవి రైజర్లు. ఈ కడ్డీలను కూడా మైనంతోనే చేసి విగ్రహానికి అతికిస్తారు. చూడడానికి తల మీద చెట్టు మొలిచినట్టుంటుంది. శిల్పి ఇక్కడ అడగవలసినది ఒకటుంది. ఈ కడ్డీలు ఎక్కడ తగులుతాయో అక్కడ తర్వాత కోసి, గీకి, తిరిగి చెక్కాలి. కాబట్టి బుగ్గ మీద, నుదుటి మీద వద్దని, వెంట్రుకల్లోకి, మడతల్లోకి మార్చమని అడగవచ్చు. మంచి పోతపనివాడు వింటాడు. వీలుకాని చోట ఎందుకు వీలుకాదో చెబుతాడు, అప్పుడు మనం వినాలి.

బోలు విగ్రహం లోపల నింపే గుండెకాయ లాంటి ముద్దను కోర్ అంటారు. ప్లాస్టరు, ఇటుకపొడి కలిపి మైనం లోపల పోస్తారు. మైనం కరిగిపోయాక ఈ ముద్దను పట్టి ఉంచేదేమీ ఉండదు కనుక, బయటి అచ్చుకూ దానికీ మధ్య మేకులు ముందే దిగేసి ఉంచుతారు. మేకులు తక్కువైతే ముద్ద ఒక పక్కకు జరిగి, ఒక వైపు మందమై, రెండో వైపు చిల్లులు పడుతుంది. ఇప్పుడు చాలాచోట్ల సిరామిక్ షెల్ పద్ధతి వచ్చింది. సిలికా ద్రావణంలో మెత్తని పొడి కలిపిన జావలో మైనాన్ని ముంచి, మీద ఇసుక చల్లి, ఆరబెట్టి, మళ్లీ ముంచుతారు. ఏడెనిమిది పూతలకు వేలెడు మందం కూడా లేని గట్టి పెంకు తయారవుతుంది. ఆ పెంకును ఒక్కసారిగా పెద్ద మంటలో పెడితే మైనం కరిగి కారిపోతుంది. నిదానంగా వేడిచేస్తే మాత్రం మైనం ముందు ఉబ్బి పెంకును పగలగొడుతుంది. పూతకూ పూతకూ మధ్య ఆరడానికి ఇచ్చే సమయాన్ని ఆవిష్కరణ తేదీ కోసం ఎవరూ కుదించకూడదు. తడి మిగిలిన అచ్చులో లోహం పోస్తే ఆ తడి ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని బయటికి ఎగజిమ్ముతుంది. పక్కన నిలబడేది పనివాళ్లు. మంత్రిగారు ఇచ్చిన తేదీ దగ్గర పడుతోందని ఫౌండ్రీ వారిని తొందరపెట్టే పెద్దలు ఈ మాటను దయచేసి గుర్తుంచుకోవాలి.

ఇక పోత. నా రెండో విగ్రహానికి మైనం ఐదు కిలోలు తూగింది. విగ్రహానికి సుమారు నలభై ఎనిమిది కిలోలు, దారులకూ గరాటుకూ పట్టేది కూడా కలిపి మొత్తం డెబ్బై కిలోల లోహం కరిగించారు. ఆ లోహంలో ఎక్కువపాలుండే రాగి 1,085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తగరానికి 232 డిగ్రీలు చాలు. జింకు అయితే 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. అందుకే రాగి కరిగాక ఆఖరున జింకు వేస్తారు. వేసిన వెంటనే మూస మీద ఆకుపచ్చ మంట లేచి, దూదిపింజల్లాంటి తెల్లని పొగ గాలిలో తేలుతుంది. ఆ పొగ పీల్చినవాళ్లకు ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదు, సరైన మాస్కు కావాలి. పోయడానికి ముందు మీద తేలిన తెట్టెను తీసి, భాస్వరం కలిపిన రాగి ముక్కను లోపల ముంచారు. లోహం పీల్చుకున్న ఆక్సిజన్‌ను అది లాగేస్తుంది. వేడి కొలిచి చూసి, పెద్దమేస్త్రి చేయి ఎత్తాడు. అచ్చును కూడా అంతకుముందే బట్టీలో ఎర్రగా కాల్చి ఉంచారు. ఇద్దరు మూసను ఎత్తి వంచారు. నారింజ రంగు ధార సన్నగా, తెగకుండా దిగింది. మధ్యలో తెగితే ముందు పోసిన లోహం, తర్వాత పోసిన లోహం కలవక మధ్యలో గీతలా అతుకు మిగిలిపోతుంది. అర నిమిషంలోపే రైజర్ల కొసల్లో లోహం పొంగి మెరిసింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. నాలుగు నెలల పనిలో పోతకు పట్టిన సమయం ఆ అర నిమిషమే.

పెంకు పగలగొట్టాక వచ్చే విగ్రహాన్ని చూసి కొత్తవాళ్లు నిరాశపడతారు. నల్లగా, బొడిపెలతో, ఒంటినిండా కొమ్మలతో ఉంటుంది. దారులను కోసి, మేకుల చిల్లులు పూడ్చి, ఆకురాయితో, ఉలితో తీర్చే పని ఇంకా రెండు మూడు వారాలు సాగుతుంది. ఇక్కడ నాది ఒకే ఒక కోరిక. గ్రైండింగు మిషనును ముఖం మీదికి రానివ్వకండి. మిషను పెట్టిన చర్మం సబ్బుబిళ్లలా నున్నగా తయారవుతుంది, మట్టిలో వేళ్లు వదిలిన జాడ ఉండదు. పూడ్చిన చోటును మళ్లీ సన్నని ఉలితో, చుట్టూ ఉన్న చర్మం తీరుకు తగ్గట్టు చిన్న చిన్న దెబ్బలతో కలపాలి. ఆ పని చేసే చేతులు మన జిల్లాలోనే ఉన్నాయి. తెనాలి శిల్పుల పేరు దేశమంతా పాకింది, కానీ వాళ్ల దగ్గర ఉలి పట్టి అంచులు తీర్చే పనివాళ్ల పేరు శిలాఫలకం మీద ఎక్కడా కనపడదు. ఇది నాకు బాధగా ఉంటుంది. రెండో విగ్రహం పీఠం మీద మైనం తీర్చినతని పేరు, పోత పోసినతని పేరు, ఉలి పట్టినతని పేరు నేను వేయించాను.

కొలతల సంగతి సంఘాలకు ఉపయోగపడుతుంది. మట్టికీ కంచుకీ మధ్య మైనం కొంత, లోహం కొంత కుంచించుకుపోయి, నూటికి రెండు మూడు పాళ్లు తగ్గుతుంది. రెండున్నర అడుగుల అర్ధాకృతి రెండు సెంటీమీటర్ల దాకా పొట్టిదవుతుంది. మట్టి నమూనా కొలిచి గ్రానైటు పీఠానికి ముందే బోల్టు రంధ్రాలు వేయించిన సంఘాన్ని నేను ఎరుగుదును. విగ్రహం వచ్చాక ఒక్క రంధ్రమూ కలవక రాయిని మళ్లీ తొలిచారు, మూల పగిలింది. రంధ్రాలు కంచు వచ్చాకే వేయించండి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టించండి. మామూలు ఇనుము కంచుకు తగిలి తడిస్తే ఇనుము త్వరగా తినివేయబడుతుంది. అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రం ఒకటి ఉండాలి.

ఒప్పందం రాసుకునేటప్పుడు కంచు విగ్రహమని మాత్రమే రాస్తే చాలదు. మన వైపు ఫౌండ్రీలు ఎక్కువగా వాడేది గన్‌మెటల్. అందులో రాగి 85 పాళ్లు, తగరం, జింకు, సీసం ఐదేసి పాళ్లు ఉండేది ప్రసిద్ధమైన కూర్పు. ఏ కూర్పో, ఎంత మందమో, సుమారు ఎంత బరువో రాయించుకోండి. పోత నుంచి చిన్న ముక్క తీయించి అందులో ఏ లోహం ఎంత ఉందో చెప్పే స్పెక్ట్రో పరీక్ష చేయించండి. విజయవాడ ఆటోనగర్‌లో యంత్ర భాగాల పని చేసేవాళ్లకు ఈ పరీక్ష కొత్తది కాదు. అచ్చు ఎవరిదో, దానితో ఇంకెన్ని విగ్రహాలు పోయవచ్చో కూడా రాసుకోవాలి. ఒకే అచ్చుతో మరో ఊళ్లో మరో విగ్రహం వెలిసిందని తర్వాత నొచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

విజయవాడలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం గురించి అడుగుతారని తెలుసు. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం అది. అంతటి విగ్రహాన్ని ఒక్క పోతలో పోయడం కుదరదు. లోపల ఉక్కు చట్రం నిలబెట్టి, విడివిడిగా చేసిన కంచు పలకలను దానికి బిగిస్తారు. బరువునూ గాలినీ మోసేది ఉక్కు, పైన రూపం ఇచ్చేది కంచు. అది వేరే శాస్త్రం. అందులో ఇంజనీరుది పెద్దపాలు. మన అర్ధాకృతుల పని దానితో పోల్చుకుని చిన్నబుచ్చుకోవలసినది కాదు. దగ్గర నిలబడి కళ్లలోకి చూసే విగ్రహానికి మైనం పని ఇంకా ఎక్కువ కావాలి.

చివరిగా రంగు. కొత్త కంచు లేత బంగారు రంగులో ఉంటుంది. దీపంతో వేడిచేసి, బ్రష్షుతో రసాయనాలు అద్ది రంగు పట్టిస్తారు. గంధకపు ద్రావణంతో గోధుమ, నలుపు రంగులు, ఫెర్రిక్ నైట్రేటుతో ఎర్రమట్టి ఛాయ, రాగి నైట్రేటుతో ఆకుపచ్చ వస్తాయి. ఆ పైన వేడి మీదే మైనం పూస్తారు. అంటే విగ్రహానికి మొదటి ఒళ్లూ మైనమే, చివరి పూతా మైనమే. ఏటా ఒకసారి మంచినీళ్లతో, తేలికపాటి సబ్బుతో కడిగి, ఆరాక మైనం రుద్దితే చాలు. మన ఊళ్లలో జయంతి వచ్చిందంటే డబ్బా బంగారు రంగు తెచ్చి కంచు మీద పూస్తారు. అభిమానంతోనే పూస్తారని నాకు తెలుసు. కానీ నాలుగేళ్ల జయంతులు గడిచేసరికి కనురెప్ప గీత పూడిపోతుంది, పెదవి అంచు పూడిపోతుంది, ముఖం ఎవరిదో అవుతుంది. పాలాభిషేకాలు కూడా అంతే. పాలు పులిసి ఆమ్లమవుతాయి, మడతల్లో నిలిచి లోహాన్ని తింటాయి. పాలు పోయక తప్పదనుకుంటే, ఆ వెంటనే బిందెడు మంచినీళ్లు పోసి తుడిచే బాధ్యత ఒకరికి అప్పగించండి. లేత ఆకుపచ్చ పొడి చుక్కలుగా రాలుతుంటే అది ఉప్పు గుణం వల్ల పుట్టిన జబ్బు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో మరీ జాగ్రత్త కావాలి. గీకేసి ఊరుకోకుండా తెలిసినవాళ్లకు చూపించాలి.

ఇప్పుడు గుడ్డ తీస్తున్నాను. ఇది ఒక రైతు తల. ఎల్లుండి తెల్లవారుజామున దీనికి మొదటి పూత పడుతుంది. ఎడమ చెవి వెనక, తలపాగా అంచు మెడకు తగిలే చోట నాకింకా తృప్తి లేదు. అక్కడ చెమటకు తడిసిన గుడ్డ బరువు రావాలి, రాలేదు. విద్యార్థులు ఇద్దరిద్దరుగా వచ్చి, ముఖాన్ని తాకకుండా, కింది నుంచి లోపలికి చేయి పెట్టి మందం తడిమి చూడండి. మెడ కుడి పక్కన ఎక్కువైందని నాకు అనుమానం. మీ వేళ్లకు కూడా అలాగే అనిపిస్తే ఈ రాత్రికే గీకేస్తాను.